పాత జాడీ – కొత్త సీసా

మా ఇంట్లో ఒక సీసా, ఒక జాడీ ఏడాదిపాటు ఒకే గదిలో కాపురం చేశాయి. సీసా ఫ్రాన్సు దేశపుది. జాడీ మా అమ్మది. ఆ రెంటి మూలంగా నాకు కలిగిన జ్ఞానమూ, పడిన నష్టమూ, పెట్టిన ఖర్చూ పాఠకులకు మనవి చేసుకుందామని ఈ వ్యాసం. ఖర్చు అనగానే భయపడనక్కరలేదు. ఏడాదికంతా కలిపి, ఇల్లంతా ఒక పూట సినిమాకు వెళ్లివచ్చే ఖర్చుకు మించదు.

2017 సంక్రాంతికి మా మేనల్లుడు కనిగిరి వచ్చాడు. వాడికి ఫ్రాన్సులో బోర్డో నగరం దగ్గర ఉద్యోగం. పెట్టె విప్పి, రెండు బనీన్ల మధ్య పసిపిల్లలా చుట్టుకొచ్చిన ఒక సీసాను తీసి నా చేతిలో పెట్టాడు.

"మామయ్యా, ఇది తాగడానికి కాదు, దాచడానికి. పదేళ్లు ఆగి తీస్తే అప్పుడు చూడాలి దీని మహిమ."

మా ఇంటావిడ వంటింటి గుమ్మంలోంచే అందుకుంది. "దాచుకోవడానికి మనకింకేమీ దొరకలేదా నాయనా? సారా కొట్లు మూయించిన జిల్లా మనది!"

ఆవిడ మాటలో చరిత్ర లేకపోలేదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మా కనిగిరి నెల్లూరు జిల్లాలోదే. ఆ నెల్లూరు జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించి సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది అక్టోబరుకల్లా సారా నిషేధం వచ్చింది. అలాంటి చోట ఒక పంతులుగారి అటక మీద పరదేశపు ద్రాక్షసారా ఉన్నదంటే ఊరు ఊరుకుంటుందా? అయినా మేనల్లుడి మాట తీసెయ్యలేక, అప్పటికి గుట్టుగా దాచాం.

వాడు ఆ రాత్రి డాబా మీద కూర్చుని నాకు చెప్పిన పాఠం మాత్రం మరవలేను. ద్రాక్షసారా అంటేనే ఏళ్ల తరబడి దాచేదని మనం అనుకుంటాం. అది పొరబాటట. లోకంలో తయారయ్యే వైనులో నూటికి తొంభై పాళ్లు ఏడాది రెండేళ్లలో తాగెయ్యవలసినదే. ఆ తరవాత అది చప్పబడిపోతుంది. దాచినకొద్దీ బాగుపడేది ఏ కొంచెమో. అది ఏదో తెలుసుకోవడానికి ఖరీదు చూడనక్కరలేదు, పుట్టుకలో దానికున్న బలం చూడాలి అన్నాడు.

"ఏమిట్రా ఆ బలం?"

"పులుపు, వగరు. తియ్యటి రకాలైతే తీపి కూడా. కొత్తలో నాలుక పట్టేసేంత వగరుంటే దానికి ఆయుష్షు ఉన్నట్టు. కొత్తలోనే కమ్మగా ఉంటే వెంటనే తాగెయ్యాలి."

ద్రాక్షతొక్కలోంచీ గింజలోంచీ దిగే ఆ వగరునే శాస్త్రజ్ఞులు టానిన్లు అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్దవై, కొన్ని మడ్డిగా అడుక్కు దిగుతాయి. నాలుక పట్టడం తగ్గి రుచి నున్నబడుతుంది. ఎరుపు రంగు ఇటుక రంగుకు తిరుగుతుంది.

మరి ఇంత విద్య ఉన్న సీసా ఎంతరా అంటే పన్నెండు యూరోలన్నాడు. అప్పటి మన లెక్కలో తొమ్మిది వందల లోపే. బోర్డోలో పెద్ద పేరున్న తోటల సీసాలు మనబోటివాళ్లం ముట్టుకునేవి కావట. వాటికింద 'క్రూ బూర్జువా' అని ఇంకో తరగతి ఉన్నది. 1932లో అక్కడి వర్తక సంఘాలవారు 444 తోటలకు ఆ పేరుతో జాబితా వేశారు. బూర్జువా అంటే మరేమీ కాదు, మన మధ్యతరగతే! జమీందార్ల తోటలకు కాక మధ్యతరగతి వారి తోటలకు కూడా ఒక పట్టిక ఉన్నదని వినగానే నాకు ఆ సీసా మీద కొంచెం బంధుత్వం పుట్టింది.

తెలివైన వాళ్లు అక్కడ చేసేదేమిటంటే, పేరు మోసిన సీసా ఒకటి కొనే బదులు ఇలాంటివి ఆరు కొంటారు. ఒకటి వెంటనే విప్పి సగం తాగి, సగం మూతపెట్టి మర్నాడు రుచి చూస్తారు. గాలి తగిలి మర్నాటికి పాడైతే అది దాచదగినది కాదు. మర్నాటికి బాగుపడితే మిగతా అయిదూ దాచి, ఏడాదికో రెండేళ్లకో ఒక్కొక్కటి తీస్తారు. ప్రతిసారీ తేదీ వేసి, రుచి ఎలా మారిందో పుస్తకంలో రాసుకుంటారు. ఈ పుస్తకం సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

వాడు వెళుతూ వెళుతూ, "చల్లటి చీకటి గదిలో, పడుకోబెట్టి ఉంచు మామయ్యా. పన్నెండు పద్నాలుగు డిగ్రీలుంటే చాలు" అని సెలవిచ్చాడు.

చాలునట! కనిగిరిలో పద్నాలుగు డిగ్రీలు! మా ఊరు కొండ కింద ఉన్నది. చైత్రం దాటిందంటే ఆ రాతికొండ పగలంతా ఎండ తాగి, రాత్రి మా మీదికి ఊదుతుంది. మేనెలలో నలభై నాలుగు, నలభై అయిదు మాకు వింత కాదు. ఫ్రిజ్‌లో పెడదామంటే మా ఇంటావిడ దేవుడి నైవేద్యపు పాలు పెట్టే చోట అది వద్దంది. చివరికి ఊరగాయల గదిలో, అటక మీద, గోనెపట్టా చుట్టి పడుకోబెట్టాను. పక్కనే గోడవార మా అమ్మ నిమ్మకాయ జాడీ.

జూన్‌లో ఒకనాడు అటక మీద చీమలబారు కనబడింది. చూద్దును గదా, బిరడా వేలెడంత పైకి లేచి ఉన్నది. గోనెపట్టా మీద ఎర్రటి మరక. నేను మూగవాణ్ణయి దాన్ని నిలబెట్టి ఊరుకున్నాను.

మరుసటి సంక్రాంతికి మేనల్లుడు మళ్లీ వచ్చాడు. సంగతి చెప్పక తప్పలేదు. వాడు ఏమీ అనకుండా బిరడా లాగి వాసన చూసి, మొహం పక్కకి తిప్పాడు. పాఠకులకు రహస్యంగా చెబుతున్నాను, నేనూ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉడికి చెడిన రేగుపండ్ల రుచి. మా ఇంటావిడ అదంతా పెరటి కాలవలో గుమ్మరించి, సీసా మాత్రం కడిగి నెయ్యి పోసుకోవడానికి ఉంచుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది అసలు సంగతి. పెరుగన్నంలోకి అమ్మ జాడీలోంచి ఒక్క ముక్క వాడి విస్తట్లో వేశాను. 2003లో అమ్మ చేతులతో ఊరేసిన నిమ్మకాయ. పదిహేనేళ్లకు అది నిమ్మకాయ అంటే ఎవరూ నమ్మరు. నల్లగా, నిగనిగలాడుతూ, ఖర్జూరపండులాగా ఉంటుంది. తొక్క ఏదో కండ ఏదో తెలియదు. వేలితో నొక్కితే వెన్న. వాడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"మామయ్యా, ఇది మదీరా" అన్నాడు.

మదీరా అన్నది అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగీసువారి దీవి. అక్కడి ద్రాక్షసారాను వెనకటి రోజుల్లో పీపాలకెత్తి ఓడల మీద తూర్పు దేశాలకు పంపేవారు. ఆ ఓడలు ఉష్ణమండలం దాటి, మన ఇండియా దాకా వచ్చి తిరిగి వెళ్లేసరికి అమ్ముడుపోని పీపాల్లోని సారా ఎండకు మాగి, ముందుకంటె ఎంతో బాగుపడటం వాళ్లు గమనించారు. ఇలా సముద్రం చుట్టివచ్చిన సరుకుకు ప్రత్యేకంగా గిరాకీ పుట్టింది. తరవాత ఓడల ఖర్చు దండగని, దీవిలోనే వేడిగదులు కట్టారు. ఇప్పటికీ మామూలు రకం మదీరాను 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలురకాన్ని పీపాల్లోనే పోసి, ఎండ తగిలే అటకల మీద ఏళ్ల తరబడి మాగబెడతారు. బోర్డో సీసాను చంపిన వేడి మదీరాకు ప్రాణం పోస్తుంది. ఒకసారి అంత వేడి తిన్నది ఇక దేనికీ చలించదు. మూత తీసినా నెలల తరబడి పాడవదు.

అంటే తప్పు సీసాది కాదు, కనిగిరిదీ కాదు. చలిలో పెరగవలసినదాన్ని తెచ్చి ఎండలో పెట్టడం నాది తప్పు. మా ఎండకు పెరిగేవి వేరే ఉన్నాయి. అవి మా అమ్మకు తెలుసు. ఆమెకు తెలిసినదంతా నాకు తెలియదని ఆనాడు తెలిసింది.

ఇక్కడ ఒక పాతగాయం చెప్పుకోక తప్పదు. అమ్మ 2009లో పోయింది. అప్పటికి మా పాత మిద్దెలో, మసక చీకటి కొట్టులో, మూడు నిమ్మకాయ జాడీలుండేవి. 1996లోది, 2003లోది, 2008లోది. మూడింటికీ వాసెన గుడ్డ కట్టి, ముడి దగ్గర సంవత్సరం పేరు పసుపుతో రాసి ఉండేది. 'ధాత' అని ఒకటి, 'స్వభాను' అని ఒకటి, 'సర్వధారి' అని ఒకటి. ఆమె ఎన్నడూ మూడూ ఒకేసారి వాడనివ్వలేదు. చిన్నది ఇంట్లోవాళ్లకు, నడిమిది పథ్యాలకు, పెద్దది జ్వరపడి లేచి నోరు చచ్చినవాళ్లకు.

2010లో మిద్దె పడగొట్టి డాబా కట్టించాను. సామాన్లు సర్దేవేళ, ఆ పెద్ద జాడీని కొత్త స్నానాలగది గోడకానుకుని ఉన్న అటక మీద పెట్టించింది నేనే. మూతకు చిన్న బీట పడిన సంగతి చూసుకోలేదు. వానాకాలం గోడ చెమ్మగిల్లింది. మాఘమాసంలో వాసెన విప్పితే లోపల పచ్చగా, బూరుగుదూదిలా బూజు. పధ్నాలుగేళ్ల జాడీ. పైపైన తీసేసి వాడుకుందామని పక్కింటి పెద్దావిడ అన్నది గాని, బూజు పట్టింది వాడరాదు. పైకి కనబడని వేళ్లు లోపలికి దిగి ఉంటాయి, కొన్ని బూజుల్లో విషం కూడా ఉంటుంది. పెరట్లో గుంట తీసి పూడ్చాం. మా చెల్లెలు ఒంగోలు నుంచి వచ్చి ఆ గుంట వైపు చూసి, "అన్నయ్యా, ఇల్లు కట్టించావు గాని కొట్టు కట్టించలేదు" అన్నది. ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క మాటా నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

అంచేత మేనల్లుడు 'మదీరా' అన్ననాడు నేను నిశ్చయించుకున్నాను. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ ఏళ్లకు నిలవ ఉండేది ఒక్కటీ పెట్టలేదు. ఉన్నవి తినడమే గాని పెట్టడం లేదు. ఇంకో పదేళ్లకు కొట్టు ఖాళీ. బోర్డోవాళ్ల పద్ధతిలోనే పుస్తకం పెట్టి, మన సరుకుతోనే ఒక కొట్టు మొదలుపెడదామనుకున్నాను. ఏది దాచాలి అన్నదానికి వాడు చెప్పిన సూత్రమే సూత్రం. కొత్తలో నోరు పట్టేసేది ఏది?

వగరుకు ఉసిరికాయను మించినది మన దేశంలో ఏమున్నది? కార్తీక మార్గశిరాల్లో కాయ ముదిరాక, గింజ తీసి, ఉప్పూ పసుపూ వేసి తొక్కిన ఉసిరి తొక్కు మొదటివారం తింటే పళ్లు పులిసి నాలుక మొద్దుబారుతుంది. రెండేళ్లకు అది నల్లటి ముద్ద. ఆ నలుపు చూసి చెడిందనుకునేవారు కద్దు. అది ఉసిరిలోని వగరు గాలితో కలిసి మారిన రంగు. ఇనప రోకలితో దంచితే మాత్రం మొదటిరోజే నలుపెక్కుతుంది. అది పాతదనం కాదు, ఇనుము. రాతిరోట్లో కర్రరోకలితో తొక్కాలి. వాడుకునేప్పుడు కావలసినంత మాత్రం తీసి, ఎండుమిరపకాయలూ మెంతులూ వేయించి కలిపి తిరగమోత పెట్టుకోవాలి. జాడీలో ఉన్నదానికి కారమూ నూనే తగలనివ్వరాదు.

పులుపుకు చింతపండు. ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన పులుపూ, మన చింతపండులోని పులుపూ ఒక్కటే. రెండూ టార్టారిక్ ఆమ్లం. పాత వైను సీసాల బిరడాకు అంటుకుని కనిపించే తెల్లటి పలుకులు దాని లవణమే. కొత్త చింతపండు ఎర్రగా ఉండి, చారులో వేస్తే చురుక్కుమంటుంది. ఏడాది దాటాక నల్లబడి, పులుపు అలాగే ఉన్నా ఆ చురుకు పోతుంది. పులిహోరకు పాతదే కావాలని పట్టుపట్టే వంటవాళ్లను నేనెరుగుదును. మాఘ ఫాల్గుణాల్లో చెట్టు దులిపిన రోజుల్లో కొని, పొట్టు, ఈనెలు, గింజలు తీసి, ఎండనిచ్చి, ఉప్పుతో ముద్దలు చేసి కుండలో అదిమి పెట్టాలి. గింజ ఉంటే పురుగు పడుతుంది. ఇంతకుమించి దానికి సేవ లేదు.

ఇక నిమ్మకాయ. గూడూరు, పొదలకూరు మార్కెట్లనుంచి మాకు కావలసినన్ని వస్తాయి. ఎండాకాలంలో ఒక్కొక్క కాయ బంగారం; ధర దిగిన రోజు చూసి కొనాలి. మచ్చలేని, పలచని తొక్క ఉన్న పండుకాయలు. కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరేవరకు ఒక పూట గుడ్డమీద ఉంచాలి. తూకానికి నాలుగు పాళ్లు కాయకు ఒక పాలు గళ్లుప్పు. మాకు చినగంజాం ఉప్పు అలవాటు. ఉప్పును కూడా ఒకరోజు ఎండలో పోసి దంచుకోవాలి. నాలుగు చీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, జాడీలో మూడురోజులు ఉంచి, నాలుగో రోజు రసం వేరు, ముక్కలు వేరు చేసి రెండూ ఎండబెట్టాలి. సాయంత్రం ముక్కలు మళ్లీ రసంలో వెయ్యడం, పొద్దున మళ్లీ ఎండకు తియ్యడం. ఇలా నాలుగైదు రోజులు. పీపాను సముద్రం చుట్టి తిప్పిన పని ఇదే. కనిగిరి ఎండ ఊరికే వస్తుంది. కారం వెయ్యరాదు, నూనె పొయ్యరాదు. ముక్కలెప్పుడూ రసంలో మునిగి ఉండాలి.

నూనె ఎందుకు వద్దంటున్నానంటే, ఏళ్లకు నూనె కంపు కొడుతుంది. ఈ కారణం వల్లనే ఆవకాయ నా పుస్తకంలోకి ఎక్కలేదు. ఇది చదివి ఆవకాయ అభిమానులు ఆగ్రహించవచ్చు. మూడో నెల నుంచి ఏడాదివరకు దానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. రెండో ఏటికి ముక్క మెత్తబడి, ఆవ ఘాటు చచ్చి, నిలవ నూనె వాసన వస్తుంది. కొత్తలోనే కమ్మగా ఉండేది వెంటనే తినెయ్యవలసినది అన్నాడు గదా మా మేనల్లుడు.

మిరపకాయ సంగతి మరీ విచిత్రం. మా ప్రాంతమంతా మిరప. కాని అంత కారమున్నదీ ఏడాది దాటితే రంగు వెలిసి గడ్డిపరక అవుతుంది. అందుకే గుంటూరులో టిక్కీలకు టిక్కీలు శీతల గిడ్డంగుల్లో దాస్తారు. బోర్డో సీసాకు కావలసిన చలి మిరపకూ కావాలన్నమాట! కందిపప్పు పాతబడితే ఉడకదు. అందులోనూ ఫ్లోరైడు, సున్నం నిండిన మా బోరునీళ్లకు అసలే ఉడకదు.

బియ్యం మాత్రం దాచదగినదే. నా చిన్నతనంలో మా ఊళ్లో పండేవి సజ్జలు, వరిగలు, కొర్రలు. వరి అన్నం పండుగకే. నెల్లూరు నుంచి మొలగొలుకులు తెప్పించే ఇళ్లు రెండో మూడో. వాళ్లు కొత్తవి వండేవారు కారు. ధాన్యంగా ఏడాది ఉంచి, అప్పుడు దంపించేవారు. గింజ లోపలి కొవ్వూ మాంసకృత్తులూ నెమ్మదిగా మారి, గింజ గట్టిపడుతుంది. వండితే ఎక్కువ నీరు పీల్చుకుని, ముద్ద కాకుండా పొడుగ్గా విచ్చుకుంటుంది. కొత్త ధాన్యం బరువు, ఏడాది గడిచినది తేలిక అని ఆయుర్వేద గ్రంథాలు ఏనాడో చెప్పాయి. అవి పాత బెల్లాన్ని, పాత నేతిని కూడా మెచ్చుకున్నాయి. బెల్లం నేను ప్రయత్నించాను. తూర్పుగాలికి కరిగి కుండంతా కారింది. పాత నెయ్యి మందుకే గాని పప్పన్నంలోకి పనికిరాదు. పంతానికి మూడేళ్లు ఉంచి చూసిన నా మాట నమ్మండి.

ద్రాక్షసారా మాటెత్తితే మొహం చిట్లించే మా ఇంటావిడకు ఒకనాడు ఒక సంగతి చెప్పాను. వాళ్ల అమ్మమ్మ రోజూ భోజనం కాగానే చిన్న గిన్నెతో పుచ్చుకున్న ద్రాక్షారిష్టం ఎండుద్రాక్ష కషాయంలో బెల్లమూ సుగంధ ద్రవ్యాలూ కలిపి, మూతి మూసి పులియబెట్టినది. అందులో దానంతటదే పుట్టిన మద్యసారం సాధారణంగా నూటికి అయిదు నుంచి పది పాళ్లదాకా ఉంటుంది. ఆసవాలు, అరిష్టాలు పాతవైతేనే మేలని వైద్యులంటారు. మా ఇంటావిడ కాసేపు ఆలోచించి, "అందుకనే ఆవిడ మధ్యాహ్నం అంత హాయిగా నిద్రపోయేది" అన్నది. ఇది మాత్రం ఇంట్లో ప్రయోగాలు చెయ్యదగ్గది కాదు. కావలసినవాళ్లు వైద్యుడు చెబితే కొనుక్కోవడమే.

నా కొట్టు 2018 ఫాల్గుణంలో మొదలైంది. డాబాకు ఉత్తరంవైపు, ఏ నీటిగొట్టమూ లేని గోడవార, నేలకు జానెడెత్తున ఒక చెక్క బల్ల. ఒక పెద్ద జాడీకి బదులు మూడు చిన్నవి. పెద్దది చెడితే అంతా పోతుంది, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? మొదటి జాడీ ఆ ఏడే వాడుకోవడానికి. రెండోది అయిదేళ్లకు. మూడోది పదేళ్లకు. ఆ తరవాత ఏటేటా నిమ్మ, చింత, ఉసిరి వంతున పెడుతున్నాం. 2020లో మాత్రం నిమ్మకాయ పెట్టలేదు. కరోనా రోజుల్లో బజారు దాకా వెళ్లడమే గగనమైంది. పుస్తకంలో ఆ పేజీ ఖాళీగా ఉన్నది. మంచిదే, అదీ ఒక గుర్తు.

పుస్తకంలో ఏం రాయాలి? కాయలెన్ని, ఉప్పెంత, ఎండ ఎన్నాళ్లు, ఎవరు కోశారు, ఎవరు ఎండబెట్టారు. ఎప్పుడు విప్పాం, ఎవరికి పెట్టాం. ఏడాదికొకసారి ఎండకాసే రోజు చూసి వాసెన విప్పి చూస్తాం. తడి గరిటె పడనివ్వం. నాబోటి రక్తపోటు మనిషికి ఇది రోజూ తినే పదార్థం కాదు; అంతా ఉప్పే. ముక్కలో సగం, వారానికొకసారి. చవకైన సరుకు మీద కూడా ఈ కట్టుబాటు వల్లనే ఆశ పుడుతుంది.

2023లో అయిదేళ్ల జాడీ విప్పాం. మా చెల్లెలు ఒంగోలు నుంచి వచ్చింది. అమ్మ 2003 జాడీలో అప్పటికి ఏడు ముక్కలు మిగిలి ఉన్నాయి. పక్కపక్కన రెండూ పెట్టాను. అమ్మది నలుపు, నాది ఇంకా తేనెరంగు దాటి గోధుమరంగు. అమ్మదాంట్లో ఉప్పు ఎక్కడున్నదో తెలియదు. నాదాంట్లో ముందు ఉప్పు పలకరిస్తుంది, తరవాత పులుపు, చివర ఎక్కడో తొక్క చేదు. చెల్లెలు రెండూ తిని, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకునేదాకా నాకు ఊపిరాడలేదు.

"అమ్మది కాదు అన్నయ్యా."

"తెలుసు."

"చెడ్డది కాదు. ఇంకో అయిదేళ్లు ఉంచు."

మేనల్లుడు అమ్మ ముక్కలు ఏడింటిలో రెండు అడిగి, చిన్న గాజుసీసాలో వేసుకుని ఫ్రాన్సుకు పట్టుకుపోయాడు. బోర్డోలో వాడి నేలమాళిగలో, ఆ పద్నాలుగు డిగ్రీల చలిలో, సీసాల పక్కన ఉంచాడట. చలికి అది ఏమవుతుందో వాడూ చెప్పలేడు, నేనూ చెప్పలేను.

మిగిలిన అయిదూ ఇక్కడే ఉన్నాయి. 2008 జాడీ ఇంకా విప్పలేదు. నాకు డెబ్బై దాటాయి. ఆ రాత్రి పుస్తకం తీసి, 2018 పేజీలో మూడో జాడీకి ఎదురుగా, "2028 ఫాల్గుణానికి ముందు విప్పరాదు" అని రాసి కలం మూశాను. మర్నాడు పొద్దున చూస్తే, దానికింద మా ఇంటావిడ చేతిరాతలో ఇంకో వరస ఉన్నది.

"ఎవరుంటే వారు విప్పాలి. గరిటె తడిలేకుండా తుడుచుకోవాలి."